మాటల పుట్టుపూర్వాలు: గార్సూన్

ఐర్లండు దక్షిణ భాగమైన మన్‌స్టర్‌లో ఐరిషు భాష మాట్లాడే ఇళ్లలో మగపిల్లవాణ్ణి ‘గార్సూన్’ అంటారు. తల్లి ముద్దుగా పిలిచినా, తాత గర్వంగా చెప్పుకున్నా ఆ మాటే. సముద్రానికి ఆవల పారిస్ నగరంలోని కాఫీశాలల్లో, నడుముకు తెల్లని గుడ్డ కట్టుకుని బల్లల మధ్య తిరిగే యాభై ఏళ్ల పెద్దమనిషిని తరతరాలుగా ‘గార్సోఁ’ అని కేక వేసి పిలుస్తూ వచ్చారు. ఈ రెండూ వేరు వేరు మాటలు కావు. ఒకటే మాట. ఒకచోట అది కన్నబిడ్డ పేరు. మరొకచోట నౌకరు పేరు. మరికొంత వెనుకకు వెళ్లి చూస్తే అది బిడ్డా కాదు, నౌకరూ కాదు: ఊరు వెలివేసిన మనిషి.

ఒక మాట ఇన్ని వేషాలు ఎట్లా వేసినది? ఈ ప్రశ్నకు సమాధానం భాషాశాస్త్రంతో పాటు మనిషి మనిషిని పిలిచే తీరును కూడా కొంత తెలుపుతుంది.

వెలివేతకు గురైనవాడు

క్రీస్తు శకం 5వ శతాబ్దిలో ఫ్రాంకులనే జర్మానిక జాతివారు నేటి ఫ్రాన్సు దేశంలో రాజ్యం స్థాపించారు. ఆ దేశానికి పేరు పెట్టినదీ వారే. వారి భాషలో గ్రంథాలు మిగలలేదు. అయినా దానికి తోబుట్టువులైన ఇతర భాషలను పోల్చి చూసి, వారి మాటలను పండితులు పునర్నిర్మించారు. అట్టి మాటలలో ఒకటి ‘వ్రక్యో’. దాని అర్థం దేశబహిష్కృతుడు. ఫ్రెంచి ‘గార్సోఁ’కు మూలం ఇదేనని భాషావేత్తలలో అధిక సంఖ్యాకుల అభిప్రాయం. ఫ్రాంకుల ‘వ’కారం ఫ్రెంచిలో ‘గ’కారంగా మారుట ఆనాటి సామాన్య నియమం. యుద్ధమనే అర్థం గల వారి ‘వెర్రా’ ఫ్రెంచిలో ‘గెర్’ అయినది. ఇంగ్లీషులో ‘వార్’గానే నిలిచినది.

తెగలుగా బ్రతికే సమాజంలో బంధువర్గమే మనిషికి కోట, కవచం. తెగ నుండి వెళ్లగొట్టబడినవానికి రెండు దారులే మిగిలేవి. కత్తి పట్టగలిగితే పరాయి ప్రభువు కింద కూలిసైనికుడుగా చేరడం. లేనినాడు పరాయి ఇంట చాకిరీ చేసుకుని పొట్ట పోసుకోవడం. ఈ రెండు దారులను అనుసరించే మాట కూడా చీలిపోయినది.

జర్మను భాషలో దాని వారసుడు ‘రెక్క’. ఆ మాటకు మహావీరుడని అర్థం. ఇంగ్లీషులో దాని వారసుడు ‘రెచ్’. అనగా దీనుడు, నికృష్టుడు. ఫ్రెంచిలో వారసుడు ‘గార్సోఁ’. అతడు నౌకరై, తరువాత పిల్లవాడైనాడు. ఒక్క తల్లి కడుపున పుట్టిన ముగ్గురు అన్నదమ్ములలో ఒకడు వీరుడుగా, ఒకడు దీనుడుగా, ఒకడు సేవకుడుగా బ్రతకడం వంటిది ఇది. తెలుగువారికి ఇందులో ఆశ్చర్యం కలగనక్కరలేదు. మన ‘బంటు’ సేవకుడూ అవును, వీరుడూ అవును. చదరంగంలో అందరికన్న చిన్న కాయ బంటు. అయినా హనుమంతుణ్ణి రామబంటు అన్నప్పుడు ఆ మాట కిరీటమై వెలుగుతుంది.

ఒక మాటకు రెండు ముఖాలు

‘గార్సోఁ’ ఫ్రెంచి సాహిత్యంలో కనిపించేది రమారమి 1100 ప్రాంతపు వీరగాథ ‘రోలాఁ గీతం’లో. యుద్ధభూమిలో పడిన వీరుల దేహాలను మృగాలు గాని, సింహాలు గాని, పరిచారకులు గాని, ‘గార్సున్’లు గాని తాకకుండా కాపలా కాయవలసినదిగా చక్రవర్తి షార్లమాఁ ఆజ్ఞాపిస్తాడు. ఆనాటి ‘గార్సున్’ స్థానం ఏమిటో ఈ వరుసను బట్టే తెలుస్తున్నది. అతడు సైన్యం వెంట మూటలు మోసే అట్టడుగు మనిషి. మధ్యయుగాలలో ఒక గౌరవనీయుణ్ణి ఈ మాటతో పిలవడం తిట్టడమే.

ప్రాచీన ఫ్రెంచి భాషకు లాటిను నుండి సంక్రమించిన విభక్తులు రెండే రెండు మిగిలినవి. కర్తగా వచ్చినప్పుడు ఈ మాట ‘గార్స్’. కర్మగా వచ్చినప్పుడు ‘గార్సోఁ’. విభక్తులు నశించిన తరువాత సాధారణంగా ఒక రూపమే మిగలాలి. ఈ మాట విషయంలో రెండూ బ్రతికినవి. నేటి ఫ్రెంచిలో ‘గార్సోఁ’ పిల్లవాడు, కుర్రవాడు. ‘గార్స్’ అని వ్రాసి ‘గా’ అని పలికే మాటకు ‘మనవాడు, కుర్రాడు’ అనే చనువైన అర్థం ఉన్నది. ఫ్రాన్సు పశ్చిమ మండలాల పల్లెలలో తండ్రి తన కొడుకును ‘నా గా’ అంటాడు. అక్కడి నుండి వలసపోయినవారు స్థిరపడిన కెనడాలోని క్విబెక్‌లో కూడా ‘నా గార్సోఁ’ అంటే నా కొడుకు అని అర్థం.

స్త్రీలింగ రూపానికి ఈ అదృష్టం దక్కలేదు. ‘గార్స్’ అని పలికే ఆ రూపం మొదట ఆడపిల్ల అనే అర్థంలోనే వాడుకలో ఉండేది. క్రమంగా అది నగరాలలో దూషణగా దిగజారినది. పల్లె మాండలికాలలో మాత్రం చాలాకాలం ఏ దోషమూ అంటకుండా నిలిచినది. అన్న పేరు ముద్దుమాటగా ఎదుగుతూ ఉంటే చెల్లెలి పేరు తిట్టుగా పతనం కావడం ఈ ఒక్క మాటకే పరిమితమైన అన్యాయం కాదు.

ప్రసిద్ధ నవలాకారుడు బాల్జాక్‌కు ఈ ‘గా’ అనే మాటపై ప్రత్యేకమైన మక్కువ. ఫ్రెంచి విప్లవ కాలంలో బ్రిటనీ ప్రాంతపు రైతుల తిరుగుబాటును ఇతివృత్తంగా తీసుకుని ఆయన 1829లో ‘షువాఁలు’ అనే నవలను ప్రకటించాడు. అందులో తిరుగుబాటు నాయకుని మారుపేరే ‘గా’. ఆ మాట ప్రాచీన కెల్టిక్ భాష నుండి మిగిలిన శకలమని బాల్జాక్ కథ మధ్యలో ఆగి మరీ వివరిస్తాడు. బ్రిటనీలోని బ్రెటన్ భాష, ఐర్లండులోని ఐరిషు భాష రెండూ కెల్టిక్ కుటుంబానికి చెందినవే. కనుక బాల్జాక్ మాట నిజమైతే ‘గార్సూన్’ ఐరిషువారికి దూరపు చుట్టమే అయి ఉండాలి.

నవలాకారుని ఊహ సరికాదని తరువాతి పండితులు తేల్చారు. అయితే ఆయన చూపు తగిలిన చోటికి పక్కనే ఒక నిజం ఉన్నది. బ్రెటన్, వెల్షు భాషలలో ‘గ్వాస్’ అంటే సేవకుడు, కుర్రవాడు. ఈ మాటకు ప్రాచీన గాల్ దేశంలో ఉన్న రూపమే లాటినులో చేరి ‘వాసల్’ అయినది, అనగా సామంతుడు. దాని చిన్నతనపు రూపమే ‘వాలె’, అనగా ఇంటి పరిచారకుడు. కెల్టులు ఫ్రెంచివారికి ఇచ్చినది ‘గార్సోఁ’ కాదు, సామంతుణ్ణీ పరిచారకుణ్ణీ. ఆ ఋణాన్ని ఫ్రెంచివారు కొన్ని శతాబ్దాల అనంతరం ఐర్లండులో మరొక సేవకుని రూపంలో తీర్చుకున్నారు.

ఫ్రాన్సులో పిల్లవానికి ప్రాంతానికొక పేరు ఉన్నది. లియోఁ నగరంలో ‘గోన్’, మార్సెయ్‌లో ‘మినో’. నైరుతి మండలాలలో ‘ద్రోల్’. ఈ చివరి మాటకు మూలార్థం గడుగ్గాయి, టక్కరి. దేశమంతటా వ్యాపించిన ‘గామాఁ’ కూడా 18వ శతాబ్దిలో గాజు బట్టీలలో పనిచేసే కుర్రవాని పేరుగా నమోదైనది. పిల్లవాని పేర్లను తరచి చూస్తే వాటి అడుగున ఎక్కడో ఒక పనివాడో, ఒక తుంటరియో కనిపిస్తూనే ఉంటాడు.

ఐర్లండుకు ప్రయాణం

1169లో నార్మను యోధులు ఐర్లండు ఆగ్నేయ తీరాన ఓడలు దిగారు. వేల్సులో స్థిరపడిన ఆ ప్రభువుల ఏలుబడి భాష నార్మను ఫ్రెంచి. పారిస్ ‘గార్సోఁ’ వారి నోట ‘గార్సున్’. ఐరిషు ‘గార్సూన్’ చివర వినిపించే ‘ఊ’కారం ఈ నార్మను ఉచ్చారణకు సజీవ సాక్ష్యం. రాజధాని ఫ్రెంచి మరచిపోయిన ధ్వనిని ద్వీపాంతరంలోని రైతు కాపాడినాడు.

నార్మనులు కోటలతో పాటు కొత్త వస్తువులను, పదవులను, అలవాట్లను తెచ్చారు. ఫ్రెంచి ‘షాఁబ్ర్’ ఐరిషులో ‘షోమ్రా’ అయినది, అంటే గది. అట్లే సీసా, యువరాజు, తోట వంటి అర్థాలు గల అనేక పదాలు వారి రాకతోనే ఐరిషులో ప్రవేశించినవి. రాజుల కొలువులో సేవచేసే బాలునికి ఫ్రెంచిలో ‘పాజ్’ అని పేరు. అది ఐరిషులో ‘పాష్టె’ అయినది. నేడు ఐరిషులో బిడ్డ అనడానికి అతిసామాన్యమైన మాట ఇదే. కోటలో పళ్లెం అందించిన కుర్రవాని పేరు ఒకటి, గుర్రపుశాలలో పనిచేసిన కుర్రవాని పేరు ఒకటి, రెండూ వచ్చి ఐరిషు తల్లుల ఒడిలో చేరినవి.

ఇంతలో వచ్చినవారే మారిపోసాగారు. స్థానికులతో వియ్యమంది, ఐరిషు మాట్లాడుతూ, ఐరిషు దుస్తులు ధరిస్తున్న తమ వారిని చూచి ఆంగ్ల ప్రభుత్వం కలవరపడినది. 1366లో కిల్కెనీ నగరంలో చేసిన శాసనాలు, వలస వచ్చినవారు ఐరిషు మాని ఇంగ్లీషే మాట్లాడవలెనని ఆదేశించినవి. వింత ఏమిటంటే, ఇంగ్లీషు మాట్లాడమని ఆదేశించిన ఆ శాసనాలు వ్రాసినది ఫ్రెంచిలో. ప్రజల నాలుకలు శాసనాలకు లొంగలేదు. ‘గార్సూన్’ వంటి మాటలు అప్పటికే సరిహద్దు దాటి ఇల్లు చేరినవి.

ఇల్లు చేరినంత మాత్రాన దాని పాత కష్టాలు తీరలేదు. ‘గార్సూన్’ ఐర్లండులోని ఇంగ్లీషులో ‘గొసూన్’గా మారినది. 1800లో ప్రచురితమైన మరియా ఎడ్జ్‌వర్త్ నవల ‘కాసిల్ రాక్‌రెంట్’ చివర జతచేసిన పదవివరణలో ఈ మాటకు చోటు దొరికినది. ఫ్రెంచి ‘గార్సోఁ’ నుండి వచ్చినదని చెప్పి ఆ రచన ఊరుకోదు. అనేక ఐరిషు గృహాలలో చెప్పులు లేని ‘గొసూన్’ ఒకడు ఉండేవాడని, అతడు వంటవానికీ బట్లరుకూ బానిసయై, జీతం లేకుండా ఇంటి బరువు పనులన్నీ చేసేవాడని వివరిస్తుంది. వార్తలు మోసేదీ వారే. ఒక ‘గొసూన్’ సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య వట్టికాళ్లతో 51 ఇంగ్లీషు మైళ్లు నడిచిన సంగతిని కూడా ఆ వివరణ నమోదు చేసినది. అది ఎనభై కిలోమీటర్లకు పైమాటే. వీరులను గురించి ఎన్నో గ్రంథాలు ఉన్నవి. పేరైనా తెలియని ఈ బాలుని నడక మాత్రం ఒక పదార్థ వివరణలో చోటు దొరికి మిగిలినది.

అదే కాలంలో ఐరిషు పల్లెలలో ఈ మాట వేరొక జీవితం గడుపుతున్నది. మన్‌స్టర్‌లో ‘గార్సూన్’గా ఉన్న మాట పశ్చిమాన కొనాట్‌లోను, ఉత్తరాన అల్‌స్టర్‌లోను ‘గసూర్’ అనే రూపంలో వాడుకలో ఉన్నది. కొనాట్‌లోని కోనమారా ప్రాంతంలో దాని అర్థం ఇంకా విశాలమైనది. అక్కడ ‘గసూర్’ అంటే మగపిల్లవాడే కానక్కరలేదు. బహువచనంలో ‘గసూర్లు’ అంటే ఆడ, మగ భేదం లేకుండా ఇంటి పిల్లలందరూ. ఫ్రాన్సులో చెల్లెలి పేరు తిట్టుగా మారితే, ఇక్కడ అన్న పేరులోనే చెల్లెలికీ చోటు దొరికినది.

ఐరిషు భాషకు కుర్రవానికి సొంత మాటలు లేక ఈ మాటను తెచ్చుకోలేదు. ‘బూఖిల్’ అనేది ఆ భాషలో పుట్టిన మాట. దాని మొదటి అర్థం పశువుల కాపరి. అందులోని ‘బో’ అంటే ఆవు; సంస్కృతంలోని ‘గో’ శబ్దానికి అది సోదరి. మన గోపాలబాలుని వంటివాడే కాలక్రమాన అక్కడ ప్రతి ఇంటి కుర్రవాడైనాడు. ‘గిల్లా’ అనే మరొక మాటకు కూడా కుర్రవాడు, సేవకుడు అనే రెండు అర్థాలు ఉన్నవి. అనగా పిల్లవానికీ పనివానికీ ఒకే పేరు పెట్టే అలవాటు ఐర్లండుకు నార్మనులు నేర్పినది కాదు.

పిలుపులోని పెద్దరికం

అది ఏ ఒక్క జాతి అలవాటూ కాదు. ప్రాచీన గ్రీకు భాషలో ‘పైస్’ అంటే బిడ్డ, బానిస. లాటినులో ‘పుఎర్’ అన్నా అంతే. రోమునగరంలో మార్కస్ అనేవాని బానిసను ‘మార్కస్ కుర్రాడు’ అని పిలిచేవారు; వానికి వేరే పేరు అవసరమని తోచలేదు. ఇంగ్లీషులో ‘బాయ్’ అనే మాటకు తొలినాళ్లలో నౌకరు, నీచుడు అనే అర్థాలే ప్రబలంగా ఉండేవి. దీనికి ఎదురు దిశలో నడిచినది ‘నేవ్’. మొదట పిల్లవాడని అర్థమిచ్చిన ఆ మాట ఇంగ్లీషులో మోసగానికి పేరైనది. దాని జర్మను సోదరి ‘క్నాబ’ మాత్రం ఇప్పటికీ పిల్లవాడే.

కొన్ని భాషలలో బిడ్డ పేరు సేవకునికి వెళ్లినది. కొన్నిటిలో సేవకుని పేరు బిడ్డకు వచ్చినది. ఈ రాకపోకలకు కారణం స్పష్టమే. ఇద్దరూ ఇంట్లో పెద్దవాని ఆజ్ఞకు లోబడినవారు. అయితే వారి మధ్య ఒక గొప్ప భేదం ఉన్నది. బిడ్డ ఒకనాటికి ఎదిగి పెద్దవాడవుతాడు. సేవకుణ్ణి మాత్రం ఆ పిలుపు ఎన్నటికీ పెద్దవానిగా ఎదగనివ్వదు. తల నెరసినా అతడు ‘కుర్రాడే’.

భారతదేశంలో ఆంగ్లేయుల ఇళ్లలో వినిపించిన ‘బాయ్’ అనే కేక ఇందుకు ఉదాహరణ. ఆంగ్లో ఇండియన్ పదాల ప్రసిద్ధ నిఘంటువు ‘హాబ్సన్ జాబ్సన్’ 1886లో వెలువడినది. దానిని కూర్చినవారు హెన్రీ యూల్, మద్రాసు రాష్ట్రంలో ఉద్యోగం చేసిన ఏ. సి. బర్నెల్. వారు ‘బాయ్’ మాటకు రెండు అర్థాలు ఇచ్చి, రెండింటినీ వేరుచేశారు. నౌకరు అనే అర్థంలో అది ఇంగ్లీషు మాట. పల్లకీ మోసేవాడు అనే అర్థంలో మాత్రం మన దేశపు మాట, తెలుగు ‘బోయి’. దొరవారు ఎక్కిన పల్లకీని మోసిన బోయీ తన కులవృత్తి పేరుతో పలుకుతున్నాడు. లోపల కూర్చున్న దొర చెవికి అదే మాట ‘కుర్రాడు’గా వినిపించినది. రెండు భాషల మధ్య జరిగిన ఈ చిన్న పొరపాటులో ఇద్దరి అంతస్తుల తేడా అంతా ఇమిడి ఉన్నది.

ఫ్రెంచివారికి సొంతంగా ‘గార్సోఁ’ ఉన్నా, ఆఫ్రికా వలసలలో నల్లజాతి నౌకరు కోసం ఇంగ్లీషు ‘బాయ్’నే అరువు తెచ్చుకున్నారు. కామెరూన్ రచయిత ఫెర్డినాఁ ఒయోనో 1956లో ప్రకటించిన నవల పేరు ‘ఒక బాయ్ జీవితం’. తెల్లదొర ఇంట పనిచేసిన యువకుని కథ అది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఎంతటి వయసు వచ్చిన నల్లవాణ్ణి అయినా ‘బాయ్’ అనడం పరిపాటిగా ఉండేది. 1968లో మెంఫిస్ నగరంలో సుమారు 1,300 మంది నల్లజాతి పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. వారు పట్టుకున్న అట్టల మీద జీతాల అంకెలు లేవు. ‘నేను మనిషిని’ అనే అర్థం గల నాలుగు ఇంగ్లీషు మాటలు మాత్రమే ఉన్నవి. ఆ భాషలో ‘మనిషి’ అనే మాటకు ఎదిగిన పురుషుడని కూడా అర్థం. తమను కుర్రవాళ్లుగా పిలిచిన లోకానికి వారు ఇచ్చిన జవాబు అది.

ఈ విషయాన్ని తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. మన ‘ఒరే’ ఉన్నది. తండ్రి కొడుకును ‘ఏరా’ అంటే అందులో వాత్సల్యం. చిన్ననాటి స్నేహితుడు ‘ఒరే’ అంటే అందులో చనువు. అదే ‘ఒరే’ తన తండ్రి వయసు గల పాలేరును ఉద్దేశించి పదేళ్ల పిల్లవాని నోట వస్తే అది వాతపెట్టినట్లే. మాటలో ఒక్క అక్షరమైనా మారలేదు. మారినది పలికినవాని స్థానం, వినేవాని స్థానం. పిలుపుకు ప్రాణం దాని ధాతువులో లేదు. తిరిగి అదే పిలుపుతో జవాబు చెప్పగల హక్కు ఎదుటివానికి ఉన్నదా, లేదా అనే దానిలో ఉన్నది.

పారిస్ కాఫీశాలల్లో నేడు ‘గార్సోఁ’ అని కేకవేయడం మర్యాద కాదు. ‘మొస్యూ’ అని గాని, ‘దయచేసి’ అని గాని అంటారు. కాఫీశాల పరిచారకులు పళ్లెం ఒలకకుండా వేగంగా నడిచే పోటీ ఆ నగరంలో 1914లోనే జరిగినది. చాలా ఏళ్లు ఆగిపోయి 2024 మార్చిలో తిరిగి ప్రారంభమైన ఆ పోటీ పేరులో ‘గార్సోఁ’ అనే మాట లేదు. స్త్రీలు, పురుషులు కలిసి పాల్గొన్న ఆ పోటీకి ‘కాఫీశాలల పరుగు’ అని పేరు పెట్టారు. తొమ్మిది శతాబ్దాలు చాకిరీ చేసిన మాటకు ఆ కొలువు నుండి ఇట్లా విరామం లభిస్తున్నది.

ఐర్లండులో దానికి ఆ విరామం ఎప్పుడో లభించినది. అక్కడ ప్రమాదం మరొక వైపు నుండి ఉన్నది. 2022 జనాభా లెక్కల ప్రకారం, పాఠశాల బయట నిత్యం ఐరిషు మాట్లాడేవారు సుమారు 72 వేల మంది మాత్రమే. మాటకు గౌరవం దక్కిన ఇల్లే చిన్నదైపోతున్నది. అయినా కోనమారాలో సాయంత్రం చీకటిపడే వేళ ‘గసూర్లు’ ఇంటికి రండి అనే పిలుపు వినిపిస్తే, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే పరుగెత్తి వస్తారు. ఒకప్పుడు ఊరు వెళ్లగొట్టినవాని పేరు అది. ఇప్పుడు ఇంట్లోకి పిలిచే మాట.